ఐరన్ బ్లాకు బదులు సొంతంగా అల్యూమినియం బ్లాకు: పోతా, బిల్లెట్టా, లైనర్ ఎంత టైటు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: జడ్చర్లలో మూడు వీఎంసీలు (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ యంత్రాలు), ఒక లేత్ ఉన్న షాపు. పాత ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో వచ్చిన 1.8 టర్బో ఇంజిన్‌కు ఐరన్ బ్లాకు తీసేసి అల్యూమినియం బ్లాకు మీరే చేయాలి. 500 హార్స్‌పవర్ దాకా ఆగాలి. ముందు ఐదు, గిరాకీ ఉంటే తర్వాత యాభై. పోత పోయించాలా, దిమ్మె (బిల్లెట్) తెచ్చి చెక్కాలా, లైనర్ (పిస్టన్ ఆడే ఇనుప గొట్టం) ఎంత టైటు పెట్టాలి?

పోతా, చెక్కుడా అనేది ఐదా, యాభయ్యా అన్నదాన్ని బట్టి తేలిపోతుంది. దానికంటే పెద్ద సమస్య మీ ప్రశ్నలో లేదు. వేడెక్కినప్పుడు అల్యూమినియం ఇనుముకు రెట్టింపు పెరుగుతుంది. ఇలాంటి బ్లాకులు పగిలి పోయేవి తక్కువ, ఫిట్లు వదులై పోయేవి ఎక్కువ. లైనర్ కిందికి జారుతుంది, మెయిన్ బేరింగ్ షెల్ తిరుగుతుంది, హెడ్ గాస్కెట్ ఊదుతుంది. మూడింటికీ మూలం ఒకటే: చల్లగా ఉన్నప్పుడు కొలిచిన కొలతనే నమ్ముకోవడం. అందుకే డ్రాయింగు మీద ప్రతి ఫిట్టుకూ రెండు అంకెలు రాసుకోండి, గదిలో ఎంత, ఇంజిన్ పనిచేసే వేడిలో ఎంత అని.

పెరుగుదల లెక్కకు మీటరుకు, ఒక్కో డిగ్రీకి 6061 అల్యూమినియం సుమారు 23.6 మైక్రాన్లు, పోత అల్యూమినియం 21.5, ఐరన్, స్టీలు 11 నుంచి 12. ఇంకో తేడా బిగువులో ఉంది. అల్యూమినియం మాడ్యులస్ 70 గిగాపాస్కల్స్, గ్రే ఐరన్‌ది 100 నుంచి 130, డక్టైల్ ఐరన్‌ది 165 పైన. పాత బ్లాకు మందాలనే అల్యూమినియంలో దించితే అది విరగకపోవచ్చు, కానీ వంగుతుంది. మెయిన్ గోడలు (క్రాంకు బేరింగులను మోసేవి), డెక్ (హెడ్ కూర్చునే పై ముఖం) మందం పెంచక తప్పదు. సాంద్రతలో మూడో వంతుకు దగ్గరగా ఉన్న లోహమే అయినా, చివరికి బ్లాకు బరువు పాతదానిలో సగం దగ్గర ఆగేది ఇందుకే.

కొలతలు దించడం

ఈ ఇంజిన్ బోరు 81, స్ట్రోకు 86.4, బోరుకూ బోరుకూ నడుమ 88, క్రాంకు నడుమ నుంచి డెక్ దాకా 220, రాడ్ 144, మెయిన్ జర్నల్ 54 ఎంఎం, అవి ఐదు. ఆర్‌ఎస్‌లో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, 06ఏ రకం బ్లాకు. వాటర్ పంపు విడిగా ఉండదు, బ్లాకులోనే గూడు చేసి టైమింగ్ బెల్టుతో తిప్పారు. చూడ్డానికి చిన్న గుంత. దాని లోపలి గోడకూ ఫ్యాను రెక్కలకూ ఉన్న సందు తప్పితే మాత్రం నీళ్లు తిరగవు. ఆ గూడును మొదటే మోడల్‌లో పెట్టండి.

త్రీడీ స్కాన్ బయటి ఆకారానికి, బ్రాకెట్లు తగిలే చోట్లకు చాలు. డోవెల్ పిన్నులు, హెడ్ స్టడ్ రంధ్రాలు, బెల్ హౌసింగ్ ముఖం, హెడ్‌కు పోయే ఆయిల్ దారి, వాటర్ పంపు గూడు మాత్రం సీఎంఎం (మూడు దిశల్లో కచ్చితంగా కొలిచే యంత్రం) మీద పెట్టే కొలవాలి. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ లాంటి టూల్ రూముకు ఒక మంచి, ఇంకా రీబోర్ చేయని బ్లాకు తీసుకుపోండి. వీలైతే రెండు తీసుకుపోండి. రెండింటి కొలతలు పక్కపక్కన పెడితే ఏది కంపెనీ డిజైను, ఏది ఆ ఒక్క పోతలో వచ్చిన తేడా అన్నది తెలుస్తుంది.

ఐదు బ్లాకులకు: బిల్లెట్

ఐదింటికి ప్యాటర్న్ (అచ్చు తీసే నమూనా), కోర్ బాక్సులు (లోపలి ఖాళీల కోసం పెట్టే ఇసుక కోర్ల అచ్చులు) చేయించడం పైసలు పారేసుకోవడమే. దిమ్మె చెక్కండి. బ్లాకు చుట్టూ మిగులు కలుపుకొని 420 × 300 × 260 ఎంఎం దిమ్మె కావాలి, అంటే 88 కిలోలు. అందులో 60 కిలోల పైనే చిప్స్‌గా పోతుంది. బాధపడకండి, ఒకే గ్రేడు చిప్స్‌ను వేరేవాటితో కలపకుండా, కూలెంట్ కార్చి అమ్మితే కొంత తిరిగి వస్తుంది.

గ్రేడు 6061. 7075 గట్టిదని ఎవరో ఒకరు చెప్తారు, వద్దు. అది 100 డిగ్రీలు దాటాక త్వరగా మెత్తబడుతుంది, తుప్పుతో పగుళ్లు పట్టే గుణమూ ఎక్కువ. కొనేటప్పుడు టీ6 (హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరిచినది) అని వదిలేయకుండా టీ651 ప్లేటో, టీ652 ఫోర్జింగో అని అడగండి. మొదటిది లాగి, రెండోది నొక్కి లోపలి ఒత్తిడి తీసినవి. ఆ పని జరగని దిమ్మెలో సిలిండర్ల గుంతలు తీయగానే డెక్ పడవలా వంగుతుంది. మంచి దిమ్మె అయినా ఒకే సెట్టింగులో పూర్తి చేయొద్దు. అన్ని వైపులా 2 నుంచి 3 ఎంఎం వదిలి రఫ్ చేయండి, క్లాంపులు వదిలేసి ఒక రోజు ఉంచండి, మళ్లీ అడుగు ముఖం సరిచేసుకొని ఫినిష్ చేయండి. మందం దిమ్మెలో నడుమ భాగం పైపొర కంటే మెత్తగా ఉంటుంది. మెయిన్ గోడలు అక్కడే పడతాయి కాబట్టి రఫ్ అయ్యాక అక్కడ హార్డ్‌నెస్ చూసుకోండి. 6061-టీ6 ఆరోగ్యంగా ఉంటే 95 బ్రినెల్ దగ్గర చూపిస్తుంది.

బిల్లెట్‌లో అసలు తలనొప్పి నీళ్ల జాకెట్. పోతలో ఇసుక కోర్ పెట్టి మూసేసిన గది చేయొచ్చు, కట్టర్‌తో చేయలేం. రెండు దారులు ఉన్నాయి. ఒకటి, పైనుంచి జాకెట్ చెక్కి, మెడ దగ్గర వెడల్పు అంచు ఉన్న వెట్ లైనర్లు (నీళ్లు నేరుగా తగిలేవి) దింపడం. ఆ అంచులే కలిసి డెక్‌ను మూస్తాయి. రెండోది, పక్కల నుంచి కిటికీలు చెక్కి ప్లేట్లు బిగించడం. ఈ ఇంజిన్‌కు మొదటిది మేలు. 88 పిచ్‌లో అంచులు ఒకదాన్నొకటి తగులుతాయి కాబట్టి ప్రతి లైనర్ అంచునూ కేంద్రం నుంచి 44 దగ్గర చదునుగా కోయాలి. చల్లగా ఉన్నప్పుడు చదునుల మధ్య సందు 0.01 నుంచి 0.02 ఎంఎం చాలు, వేడిలో బ్లాకు ఎక్కువ పెరిగి ఆ సందు ఇంకో 0.06 తెరుచుకుంటుంది. గాస్కెట్ ఎంచుకునేటప్పుడు దాని రింగు ఆ సందు మీద పడకుండా చూసుకోండి.

వెట్ లైనర్ కింద రెండు ఓ-రింగులు, నడుమ ఒక గాడి, ఆ గాడి నుంచి బయటికి చిన్న రంధ్రం. ఏ రింగు కారినా నీళ్లో ఆయిలో ఆ రంధ్రంలోంచి బయటపడి తెలిసిపోతుంది, సంప్‌లో కలవదు. ఆయిల్ తగిలే రింగుకు ఈపీడీఎం వద్దు, ఉబ్బిపోతుంది. వైటాన్ వాడండి. లైనర్ అంచు కూర్చునే మెట్టు మూలలో 0.5 రేడియస్ వదిలి, లైనర్ అంచుకు దానికి తగ్గ చాంఫర్ ఇవ్వండి. మూల పదునుగా వదిలేస్తే అంచు అక్కడి నుంచే విరుగుతుంది. కూర్చున్నాక లైనర్ డెక్ కంటే 0.02 నుంచి 0.04 పైకి ఉండాలి, పక్క లైనర్లతో తేడా 0.01 దాటకూడదు.

యాభైకి: పోత

బిల్లెట్ బ్లాకులు డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద తేలి, కొలతలు ఖరారయ్యాకే ప్యాటర్న్‌కు పోండి. ప్యాటర్న్ చేశాక గోడ మందం మార్చాలంటే కోర్ బాక్సు మళ్లీ చేయాలి.

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు అల్యూమినియం పోత పోసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఏ356 మిశ్రమం అని చెప్తే తల ఊపి ఎల్‌ఎం25 పోస్తారు. ఎల్‌ఎం25 దానికి దగ్గరిదే, 7% సిలికాన్, కాస్త మెగ్నీషియం. తేడా ఇనుములో. ఎల్‌ఎం25లో 0.5% దాకా ఒప్పుకుంటారు, ఏ356లో 0.2% మించొద్దు. ఇనుము ఎక్కువైతే సూదుల్లాంటి పలుకులు కట్టి లోహం పెళుసవుతుంది, మెయిన్ క్యాప్ బోల్టు దారాల దగ్గర పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. కాబట్టి ఆర్డర్లో ‘ఇనుము 0.2% లోపు, స్పెక్ట్రో రిపోర్టు ప్రతి కరుగుకూ’ అని రాయించండి. బాగా పారుతుంది, పోయడం సులువు అని ఎల్‌ఎం6 అంటగట్టబోతారు. అది హీట్ ట్రీట్‌మెంట్‌కు లొంగదు, ఈ పనికి రాదు. తుక్కు కలపనివ్వొద్దు. కలిపితే వాళ్ల సొంత రైజర్లు, రన్నర్లు మాత్రమే, అవీ సగం లోపు.

ఇసుక సంగతి. మూసీ ఇసుకో కృష్ణా ఇసుకో జల్లెడ పట్టి వాడదామనేవాళ్లు ఉన్నారు. వాగు ఇసుకలో మట్టి, ఫెల్డ్‌స్పార్ ఉంటాయి, రెసిన్ ఎక్కువ తాగుతుంది, కోర్ గట్టిపడదు. ఫౌండ్రీలు తెప్పించేది ఉమ్మడి నెల్లూరు జిల్లా గూడూరు వైపు సిలికా ఇసుక. ఏఎఫ్‌ఎస్ (రేణువు సన్నదనం చెప్పే అంకె) 50 నుంచి 60 రకం అడగండి. అచ్చుకు నో-బేక్ (కాల్చకుండానే గట్టిపడే రెసిన్ ఇసుక) చాలు. జాకెట్ కోర్‌కు మాత్రం సీఓటూ సిలికేట్ వద్దు. పోత చల్లారాక అది రాయిలా ఉండిపోతుంది, సన్నని జాకెట్లోంచి గీకి తీయలేరు, మిగిలిన ఇసుక తర్వాత వాటర్ పంపు సీల్ తినేస్తుంది. రెసిన్‌తో కట్టే షెల్ కోర్ గాని కోల్డ్ బాక్స్ గాని చేయించండి. జాకెట్ కోర్ ఎక్కడా 5 ఎంఎం కంటే సన్నం కాకూడదు, గాలి పోయే దారి కోర్ ప్రింట్లలోంచి బయటి దాకా ఉండాలి.

ప్యాటర్న్‌కు కుంచింపు 1.2 నుంచి 1.3% కలపండి. 420 పొడవుకు అది ఐదున్నర ఎంఎం దాకా వస్తుంది. మెషీనింగ్ ముఖాలకు 3 నుంచి 5 మిగులు. ఐదు బ్లాకులే పోసి చూద్దామనుకుంటే ప్యాటర్న్ లేకుండా త్రీడీ ప్రింటెడ్ ఇసుక అచ్చులు చేయించవచ్చు. ఒక్కో అచ్చుకు ఖర్చు ఎక్కువే, కానీ కోర్ బాక్సు ఖర్చు మిగులుతుంది.

ఇక పోసే పని. కరిగిన అల్యూమినియం మీద క్షణంలో ఆక్సైడ్ పొర కడుతుంది. లోహం అచ్చులోకి సెకనుకు అర మీటరు కంటే వేగంగా దూకితే ఆ పొర మడతలుపడి లోపలికి పోతుంది. పోత పైకి నున్నగానే కనిపిస్తుంది, లోపల మాత్రం అతుక్కోని పగుళ్లు. అర మీటరు వేగం రావడానికి 13 ఎంఎం ఎత్తు నుంచి పడితే చాలు. అంటే పైనుంచి గరిటెతో పోసే పద్ధతిలో ఈ పరిమితి నిలవదు. అడుగు నుంచి గేటింగ్ (లోహం అచ్చులోకి వచ్చే దారి) పెట్టించండి, రన్నర్‌లో 10 నుంచి 20 పీపీఐ (అంగుళానికి రంధ్రాలు) సిరామిక్ ఫోమ్ ఫిల్టర్ వేయించండి. లో ప్రెషర్ పోత సదుపాయం ఉన్న ఫౌండ్రీ దొరికితే అంతకంటే మంచిది లేదు. పోత ఉష్ణోగ్రత 700 నుంచి 730 డిగ్రీలు. మెయిన్ గోడల దగ్గర ఐరన్ చిల్స్ (వేడి లాగేసే ఇనుప ముక్కలు) పెట్టించాలి. అక్కడ లోహం త్వరగా గడ్డకడితే కణాలు సన్నగా వస్తాయి, బలం అక్కడే కావాలి.

హైడ్రోజన్ గురించి ఎక్కువ చెప్తాను, మన దగ్గర ఎక్కువ పోతలు చెడేది దీనివల్లే. తేమ తగిలితే కరిగిన అల్యూమినియం హైడ్రోజన్ పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు వదిలేస్తుంది, అవే సూది రంధ్రాలు. ఎండాకాలంలో మంచిగ వచ్చిన పోత జులై, ఆగస్టుల్లో నురగలా రావడానికి కారణం ఇదే. గరిటె, పనిముట్లు, ఇంగాట్లు అన్నీ వేడిచేసి ఆరబెట్టాకే లోహంలో పెట్టాలి. డీగ్యాసింగ్‌కు రోటరీతో నైట్రోజన్ గాని ఆర్గాన్ గాని 10 నుంచి 15 నిమిషాలు. చిన్న ఫౌండ్రీలు తెల్ల ట్యాబ్లెట్లు ముంచుతాయి. పొగ సంగతి పక్కన పెడితే, దానితో ఇంకో నష్టం ఉంది. సిలికాన్‌ను మృదువుగా మార్చడానికి వేసే స్ట్రాంషియం 0.015 నుంచి 0.02% ఉండాలి. ట్యాబ్లెట్‌లోని క్లోరిన్ ఆ స్ట్రాంషియాన్ని తీసుకుపోతుంది. ముందు స్ట్రాంషియం వేసి తర్వాత ట్యాబ్లెట్ ముంచితే రెండు ఖర్చులూ దండగ. గ్యాస్‌తో డీగ్యాస్ చేసే చోటికే పోండి. ప్రతి కరుగుకూ వాక్యూమ్ కింద ఒక గిన్నె, బయట ఒక గిన్నె పోసి సాంద్రత తేడా చూడమనండి. తేడా 2% లోపు ఉంటేనే పోయాలి. వాక్యూమ్ గిన్నెను నిలువునా కోస్తే చేతి భూతద్దంతోనే బుడగలు కనిపిస్తాయి, ఆ ముక్కలు బ్లాకు నంబరు వేసి దాచుకోండి.

హీట్ ట్రీట్‌మెంట్: 540 డిగ్రీల దగ్గర 8 నుంచి 12 గంటలు, ఫర్నేస్ తలుపు తీసిన 10 నుంచి 15 సెకన్లలోపు 65 నుంచి 80 డిగ్రీల వేడినీళ్లలో ముంచాలి, తర్వాత 155 డిగ్రీల వద్ద 3 నుంచి 5 గంటలు. చన్నీళ్లలో ముంచితే లోపల ఒత్తిడి ఉండిపోయి, బోరు తీశాక రోజురోజుకూ కొలత మారుతుంది. పూర్తయిన ఎల్‌ఎం25 హార్డ్‌నెస్ 90 నుంచి 110 బ్రినెల్. టెస్ట్ బార్ విడిగా పోసిచ్చిన రిపోర్టుతో తృప్తిపడొద్దు. మొదటి పోతల్లో ఒకదాన్ని బలిచ్చి, మెయిన్ గోడను కోసి చూడండి. కోర్ జరిగిందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. మిగతా బ్లాకులకు అల్ట్రాసోనిక్ మందం గేజ్‌తో సిలిండర్ గోడ చుట్టూ కొలవండి, ఒకవైపు 6, ఇంకోవైపు 4 వస్తే కోర్ జరిగినట్టే.

డ్రై లైనర్ ఎంత టైటు

పోత బ్లాకులో డ్రై లైనర్ (నీళ్లు తగలకుండా అల్యూమినియం గోడలో కూర్చునేది) అనుకుందాం. బోరు 81, గోడ 2.5, బయటి వ్యాసం 86. రెండు లైనర్ల నడుమ 2 ఎంఎం అల్యూమినియమే మిగులుతుంది. బోరు 83 చేద్దామన్న ఆశ ఉంటే ఈ పద్ధతిలో కుదరదు, లైనర్లు ఒకదాన్నొకటి ఆనుకోవాలి.

గదిలో 20 డిగ్రీలు, ఇంజిన్ పనిచేసేటప్పుడు బ్లాకు గోడ 100, లైనర్ 120 అనుకోండి. చెడ్డ పరిస్థితికి 6061 అంకెతోనే లెక్కేద్దాం. 86 ఎంఎం రంధ్రం 0.162 పెరుగుతుంది, లైనర్ 0.099. తేడా 0.063. మీరు 0.05 టైటు పెట్టి ఉంటే వేడెక్కాక లైనర్ 0.013 వదులుగా తిరుగుతోందన్నమాట. లైనర్ నుంచి గోడకు వేడి పోదు, పిస్టన్ అంటుకుంటుంది, తర్వాత లైనర్ కిందికి జారుతుంది, చివరికి గాస్కెట్ పోయిందని హెడ్ విప్పుతారు. అందుకే 0.07 నుంచి 0.09 పెట్టండి, పైన అంచు, కింద మెట్టు రెండూ ఉండేలా చేయండి. రంధ్రం గుండ్రదనం 0.01 లోపు, ముఖం మరీ నున్నగా కాకుండా సన్నని బోరింగ్ గీతలతో.

దింపేటప్పుడు బ్లాకును ఓవెన్లో 150 డిగ్రీలు చేయండి. దానికి మించి ఎక్కువసేపు ఉంచితే టీ6 బలం పోతుంది. ఆ వేడిలో రంధ్రం దాదాపు 0.24 తెరుచుకుంటుంది, లైనర్ చేత్తో దిగుతుంది, లిక్విడ్ నైట్రోజన్ అక్కర్లేదు. దిగగానే పైన బరువు పెట్టి బ్లాకు చల్లారేదాకా కదలనివ్వొద్దు. చల్లారుతూ బ్లాకు లైనర్‌ను పట్టుకునేటప్పుడు అది ఒక పిసరు పైకి లేస్తుంది, మెట్టు కింద సందు మిగులుతుంది, ఇంజిన్ నడిచాక ఆ సందులోకి దిగుతుంది. పూర్తిగా చల్లారాకే డెక్ కోత, బోరింగ్.

హోనింగ్‌కు 50 ఎంఎం మందం టార్క్ ప్లేట్ (హెడ్ బదులు బిగించే ప్లేటు) తప్పనిసరి, ఇంజిన్లో వాడే అవే స్టడ్లు, అదే రకం గాస్కెట్ వేసి, అదే టార్క్‌తో. ప్లేట్ లేకుండా గుండ్రంగా వచ్చిన బోరు, హెడ్ బిగించగానే స్టడ్ల దగ్గర నొక్కుకుపోతుంది. డెక్ ముఖం మల్టీలేయర్ స్టీల్ గాస్కెట్‌కు గరుకుదనం ఆర్‌ఏ 0.8 మైక్రాన్ల లోపు ఉండాలి.

మెయిన్లు, స్టడ్లు

మెయిన్ క్యాపులు స్టీలు వేయండి, పక్కల నుంచి బ్లాకులో 0.03 నుంచి 0.05 టైటుగా కూర్చునేలా చేయండి. క్యాపులు తుది టార్క్‌తో బిగించాకే లైన్ బోరింగ్. హౌసింగ్ బోరు కంపెనీ ఇచ్చిన పరిమితిలో కింది అంచున పెట్టండి. వేడిలో అల్యూమినియం పెరిగి షెల్ పట్టు తగ్గుతుంది కాబట్టి మొదట్లోనే పట్టు ఎక్కువ ఉండాలి. ఆయిల్ సందు కూడా అంతే. ఐరన్ బ్లాకులో 0.05 వదిలే అలవాటు ఉంటే ఇక్కడ 0.035 నుంచి 0.04 చాలు, వేడిలో మిగతాది అదే తెరుచుకుంటుంది. దీనికి ఒక షరతు ఉంది: ఆయిల్ వేడెక్కకుండా రేస్ చేయొద్దు.

సిలిండర్లో పీక్ ప్రెషర్ 120 బార్ అనుకుంటే 81 బోరు మీద హెడ్‌ను పైకి తోసే బలం 62 కిలోన్యూటన్లు, అంటే ఆరు టన్నుల పైమాట. పది స్టడ్లు నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి రెండున్నర. మంచి ఎం11 స్టడ్ ఒక్కోటి 65 కిలోన్యూటన్లు పట్టినా మొత్తం 162, అంటే రెండున్నర రెట్లకు కొంచెం ఎక్కువ. అంతకంటే తగ్గనివ్వొద్దు. ఈ బిగువంతా అల్యూమినియం దారాల మీదే కాబట్టి దారం లోతు కనీసం వ్యాసానికి రెండున్నర రెట్లు, ఎం11కు 28 ఎంఎం, అదీ డెక్ నుంచి 25 ఎంఎం కిందికి దిగాకే మొదలవ్వాలి. దారం డెక్ దగ్గరే మొదలైతే స్టడ్ చుట్టూ ముఖం ఉబ్బుతుంది, గాస్కెట్ అక్కడే వదులుతుంది.

మే నెలలో కొలతలు

ఇది పాలమూరు వైపు షాపుల్లో చిన్న విషయంలా వదిలేస్తారు. మధ్యాహ్నం షెడ్డులో 40 డిగ్రీలు ఉన్నప్పుడు 420 పొడవు బ్లాకు, 20 డిగ్రీల సీఎంఎం గదిలో కంటే 0.2 ఎంఎం పొడవుగా ఉంటుంది. డోవెల్ దూరాలు అక్కడ సరిచూసి, ఇక్కడ కోస్తే ఎందుకు తప్పాయో అర్థం కాక పరేషాన్ అవుతారు. 86 రంధ్రం 0.04 మారుతుంది. స్టీల్ రింగు గేజ్ పక్కనే పెట్టి బోర్ గేజ్ సెట్ చేసినా గేజ్ సగమే పెరుగుతుంది కాబట్టి 0.02 తప్పు మిగిలే ఉంటుంది. మీరు వదిలే టైటులో అది నాలుగో వంతు. ఫినిష్ పాసులు, కొలతలు ఏసీ గదిలో గాని, కనీసం తెల్లవారుజామున గాని పెట్టుకోండి. బ్లాకు, గేజ్, లైనర్ రాత్రంతా ఒకే చోట ఉండాలి. ఏ అంకె పక్కనైనా ఉష్ణోగ్రత రాయండి.

లీకు, నీళ్లు

జాకెట్‌ను మూసి 3 నుంచి 4 బార్ గాలి పెట్టి వేడినీళ్లలో ముంచండి. చల్లని నీళ్లలో తెలియని లీకు వేడిలో తెలుస్తుంది. ఆయిల్ గ్యాలరీని విడిగా ఆయిల్‌తో 10 బార్‌కు. సన్నని చెమట లాంటి లీకైతే వాక్యూమ్ రెసిన్ ఇంప్రెగ్నేషన్‌తో మూసుకుంటుంది. ఒకే చోట బుడగ కడుతుంటే అది కుంచింపు గుంత, రెసిన్‌తో కప్పి అమ్మొద్దు.

ఇంజిన్లో పోసే నీళ్ల గురించి కొనేవాళ్లకు కాగితం మీద రాసివ్వండి. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్, కాఠిన్యం సంగతి అందరికీ తెలిసిందే. పాలమూరులో చాలా బోర్లూ అంతే. ఐరన్ బ్లాకు పొలుసు కట్టినా ఏళ్లు లాగుతుంది. అల్యూమినియం పక్కన ఐరన్ లైనర్, నడుమ లవణాల నీళ్లు ఉంటే అల్యూమినియమే కరిగిపోతుంది, ముందు డెక్ దగ్గర నీటి రంధ్రాల అంచులు. భగీరథ నీళ్లు కూడా వద్దు, అవీ తాగడానికే. డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు), అందులో ఓఏటీ (ఆర్గానిక్ ఆమ్లాల) రకం కూలెంట్ సగానికి సగం. ట్రాక్‌లో గ్లైకాల్ వద్దంటే డీఎం వాటర్‌తో పాటు తుప్పు ఆపే మందు మాత్రం ఉండాల్సిందే.

మొదటి సారి నడిపేటప్పుడు

నాక్ (ఇంధనం అదుపు తప్పి మండే మోత) సెన్సర్లు పాత ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లెక్కతో వదిలేయొద్దు. 81 బోరుకు నాక్ మోత 7 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది, అది బోరును బట్టి కాబట్టి మారదు. మారేది చుట్టూ ఉన్న చప్పుడు. అల్యూమినియం గోడ వేరేలా మోగుతుంది, పిస్టన్ తట్టుడు కూడా నాక్‌లా వినిపించి ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, లేదా అసలు నాక్ ఆ చప్పుడులో కలిసిపోతుంది. బూస్ట్ తక్కువ పెట్టి, ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకూ మామూలు చప్పుడు స్థాయి రికార్డు చేసి కొత్త పరిమితులు పెట్టాలి. బెల్ట్ కూడా చూడండి. వేడిలో డెక్ 0.4 ఎంఎం పైకి పోతుంది, ఐరన్‌లో అందులో సగమే. ఆటో టెన్షనర్ దాన్ని మింగుతుంది, కానీ చల్లగా ఉన్నప్పుడే గుర్తు చివరన ఉంటే వేడిలో బెల్ట్ బిగుసుకుంటుంది.

వేడి చేసి, పూర్తిగా చల్లార్చి, మళ్లీ వేడి చేయడం మూడు సార్లు అయ్యాక స్టడ్ టార్క్ చూడండి. మొదటి డైనో పని తర్వాత మొత్తం విప్పండి. మెయిన్ క్యాప్ కలిసే చోట బూడిద రంగు పొడి ఉంటే క్యాప్ కదులుతోంది, పక్కల పట్టు చాలలేదు. షెల్ వెనక మెరుపు మచ్చలుంటే హౌసింగ్ వదులు. లైనర్ ఎత్తు ముందు కొలిచిన అంకెతో పోల్చండి, 0.01 దిగినా కింద మెట్టు సరిగ్గా కూర్చోలేదన్నట్టే. ఇవేవీ లేకపోతేనే రెండో బ్లాకుకు పోండి.

రోడ్డు మీద నడిపే కారుకు అమ్ముతామంటే ఒక చిక్కు ఉంది. ఇంజిన్ నంబరు బ్లాకు మీదే ఉంటుంది, ఆర్‌సీలో ఉన్నది ఆ నంబరే. కొత్త బ్లాకుకు ఆ నంబరు ఉండదు, పాత నంబరును కొత్త బ్లాకు మీద పంచ్ చేయడం నేరం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇలాంటి మార్పుకు ఆర్‌టీఏ అనుమతి కావాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్చొద్దని చెప్పింది. కాబట్టి దీన్ని ట్రాక్ కార్ల బ్లాకుగానే అమ్మండి, బిల్లు మీద ఆ మాట రాయండి. బ్లాకు మీద మీ సొంత సీరియల్ నంబరు, కరుగు నంబరు చెక్కండి. పోటీ కార్లకైతే ఆ క్లాసు నిబంధనల్లో వేరే బ్లాకు ఒప్పుకుంటారో లేదో చూసుకున్నాకే ఆర్డరు తీసుకోండి.